ఎస్తేర్ టైలర్స్, ఎం.బి.ఏ.

మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సులు ఆగేచోట, ఎరువుల దుకాణానికీ సెల్‌ఫోన్ రీచార్జి కొట్టుకూ నడుమ ఒక ఇరుకు మడిగె ఉంది. దాని నెత్తిన పసుపు రంగు రేకు బోర్డు. "ఎస్తేర్ లేడీస్ టైలర్స్" అని పెద్ద నీలం అక్షరాలు, వాటి కింద "ప్రొ: కె. ఎస్తేర్, ఎం.బి.ఏ." అని ఎర్ర అక్షరాలు. జాకెట్టు కుట్టడానికి ఎం.బి.ఏ. దేనికని నవ్వినవాళ్లున్నారు. చదువుకున్నామె, కూలి ఎక్కువ అడుగుతుందేమోనని గడప దాకా వచ్చి మళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అసలు చిక్కు అది కాదు. బోర్డు పైకెక్కిన నాటికి ఎస్తేర్‌కు ఎం.బి.ఏ. లేదు. కాలేజీలో చేరి అప్పటికి వారమే అయింది.

ఆ ఘనకార్యం ఆమె భర్త శాంసన్‌ది. ఊరి అవతల కొత్తగా వెలిసిన ప్రైవేటు యూనివర్సిటీలో అతను బస్సు డ్రైవరు. అక్కడ పనిచేసేవాళ్ల ఇంట్లో ఎవరైనా చేరితే ఫీజులో సగం మాఫీ. వాళ్ల పిల్లలు ఇంకా మూడూ ఐదూ తరగతుల్లో ఉన్నారు. వాళ్లు ఎదిగేదాకా ఆ మాఫీ ఎవరికీ అందకుండా పోవడం శాంసన్‌కు ఖాళీ బస్సు తిప్పినట్టే అనిపించింది.

"నువ్వు బీకాం చదివినవ్ గదనే," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. "పోయి కూసో. వాడుకోకుంటే పోతది."

"మిషిన్ ఎవరు తొక్కుతరు? నువ్వు తొక్కుతవా?"

"పొద్దున క్లాసు, మధ్యాహ్నం మిషిన్. నా బస్సులనే వోతవ్, నా బస్సులనే వస్తవ్. కిరాయి గూడ లేదు."

అవి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు చూస్తుండగానే అద్దాల మేడలు లేస్తున్న రోజులు. మొయినాబాద్ నుంచి పొద్దున్నే పోయే ప్రతి బస్సులో మెడకు కార్డు వేలాడేసుకున్న పిల్లలే. ఇంటికొకరు ఏదో ఒక కోర్సు చేస్తున్నారు. వాళ్లుండే ఎంకపల్లిలో పాలు పోసే కుర్రాడు కూడా క్లౌడ్ గురించి మాట్లాడుతున్నాడు. ఎస్తేర్ ఎంతైనా ఆ గాలి పీల్చే మనిషే. ఎం.బి.ఏ.లో ఫైనాన్షియల్ డేటా అనలిటిక్స్ అనే బ్రాంచిలో సీట్లు మిగిలాయంటే అందులో చేరిపోయింది.

మరి బోర్డు సంగతి? పాత బోర్డు తుప్పుపట్టింది. బోర్డులు రాసే భిక్షం కొత్తది రాస్తూ నిచ్చెన మీద నుంచే అడిగాడట: "అన్నా, వదినె ఎంబీఏ చేస్తున్నదంట గదా, రాయాల్నా?"

"ఇంక పాస్ గాలేదు గద భిక్షం," అన్నాడు శాంసన్.

"ఇప్పుడైతే ఆ మూడచ్చరాలకు పైసలొద్దు. రెండేండ్లాగి రాయాల్నంటే మల్ల నిచ్చెన కిరాయి వేరే, ఎర్రరంగు డబ్బా వేరే."

శాంసన్ ఆలోచించాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం అతని రక్తంలోనే లేదు.

సాయంత్రం వచ్చిన ఎస్తేర్ తలెత్తి ఆ మూడక్షరాలూ రెండుసార్లు చదువుకుంది. ఆ రోజు నుంచి మొయినాబాద్‌లో ఆమె పేరు "ఎంబీఏ" అయిపోయింది. కూరగాయలమ్మేవాడు "ఏం ఎంబీఏ, వంకాయ తీస్కపోవా" అంటాడు. ఆటోవాడు "ఎంబీఏ కాడ ఆపాల్నా?" అంటాడు. ఇక చదువు మానేసే దారి లేదు. ఫెయిలైతే ఊరంతా చూస్తుండగా ఆ మూడక్షరాలూ దిగాలి.

*

ఎస్తేర్ పుట్టిల్లు అక్కడికి దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు. కుట్టుపని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి సెలవుల్లో అమ్మ పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలు నేలమీద పరిచి, ఏ ముక్క ఎందుకు ఆ వంపు తిరిగిందో చూసుకుంది. మళ్లీ అతికింది. చెయ్యి ఒకచోట మెడ ఒకచోట అయింది. మళ్లీ విప్పింది. అట్లా అమ్మ జాకెట్లన్నీ విప్పాక అమ్మ బీరువాకు తాళం వేసుకుంది, కూతురికి మాత్రం పని వచ్చేసింది.

ప్రోగ్రామింగూ అట్లాగే పట్టుబడింది. క్లాసులో అందరూ ఆమెకంటే పదేళ్లు చిన్నవాళ్లు. మొదటి వారంలోనే ముగ్గురి బ్యాగు జిప్పులు బాగుచేసింది కాబట్టి అందరికీ "అక్క" అయింది. పక్క సీటు పూజిత తన ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాములు ఇస్తే, ఎస్తేర్ వాటిని ఒక్కో లైను తీసేసి, ఎక్కడ కూలుతుందో చూసి, మళ్లీ పెట్టుకునేది. తెర మీద ఎర్రగా ఎర్రర్ వస్తే పిల్లలు తల పట్టుకునేవారు. ఆమెకేమో అదే నచ్చింది. ఏ లైనులో తప్పుందో నంబరు వేసి మరీ చెప్తున్నది. కస్టమర్లు జాకెట్టు తెచ్చి "ఏందో తక్లీఫున్నది అక్కా" అంటారే తప్ప, అది చంక దగ్గరో మెడ దగ్గరో చెప్పరు గదా.

ఇంట్లో అత్త మేరీకి ఒక్కటే అనుమానం.

"ఆ కంప్యూటర్ భాష పేరేందన్నవ్?"

"పైథాన్, అత్తమ్మా."

"అంటే?"

"కొండచిలువ."

మేరీ చేతిలో బియ్యం చేట ఆగిపోయింది. "ఏదెను తోటల పాముతోటి మాట్లాడినామె గతేమైందో యాదుంచుకో బిడ్డా," అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

మేరీ ఎంకపల్లి చర్చిలో రెండు పనులు చూస్తుంది. ఒకటి, ఆదివారం ఏ పాట పాడాలో ఆమే నిర్ణయిస్తుంది. రెండు, ఆడవాళ్ల చిట్టి నడుపుతుంది. చర్చికి వచ్చేవాళ్లే కాక, ఇరుగుపొరుగు హిందువుల ఇళ్లవాళ్లూ అందులో ఉన్నారు. లక్ష రూపాయల చిట్టి. నెలకొకసారి, రెండో ఆదివారం ఆరాధన ముగిశాక షెడ్డు కింద చాపలేసి పాట పాడతారు. డబ్బు అవసరమున్నవాళ్లు లక్షలో ఎంత వదులుకుంటారో పైకి చెప్పాలి. ఎక్కువ వదులుకున్నవాళ్లకు ఆ నెల చిట్టి. వదులుకున్నది మిగతావాళ్లకు పంపకం. ఇన్నేళ్లలో ఒక్క తగాదా లేదు.

రెండు పనులకూ కలిపి మేరీకి ఒకటే వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపే ఈ కథకు మూలం.

*

మూడో సెమిస్టర్‌లో మహేశ్వర్ సార్ ప్రాజెక్టు ఇచ్చాడు. సార్ మంచివాడు, చదువుకున్నవాడు, ఒకసారి మాట్లాడటం మొదలుపెడితే బెల్లు కొట్టినా వినబడనివాడు.

"ఇంటర్నెట్లో దొరికే షేర్ల రేట్లు తెచ్చి నా ముందు పెట్టకండి," అన్నాడు. "మీ బతుకులో ఉన్న డేటా తీసుకురండి. ఎవరూ చూడని డేటా. బయటి ఎగ్జామినర్ వస్తాడు. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోయినట్టే."

డిగ్రీ పోయినట్టే అనగానే ఎస్తేర్ కళ్ల ముందు ఎర్ర అక్షరాలు కదిలాయి. ఆ వెంటనే అత్త చిట్టి కూడా మెదిలింది. రెండేళ్లకు పైగా ప్రతి నెల పాటా ఆ గ్రూపులో ఉంది. ఏ నెలలో ఎత్తితే తక్కువ పోతుందో లెక్కగట్టగలిగితే, అంతకన్నా బతుకులో ఉన్న డేటా ఏముంటుంది?

గ్రూపులోని మాటలన్నీ ఒక ఫైలుగా దించుకుంది. మేరీ మెసేజ్‌లు ముక్తసరిగా ఉంటాయి. "పాట 140" అని పెడుతుంది, అంతే. నూట నలభై అంటే పద్నాలుగు వేలు. చిట్టి పాటలో వందలు మింగేసి మాట్లాడటం అక్కడివాళ్ల అలవాటు. ఆ సున్నాలు ఎందుకు పెట్టవని కోడలు ఒకసారి అడిగితే "సున్నాలు తెల్వనోళ్లెవలున్నరే ఈడ?" అంది మేరీ.

ఎస్తేర్ రాసిన ప్రోగ్రాం పని ఇది: ఫైలంతా చదివి, "పాట" అనే మాట కనబడ్డచోట పక్కనున్న నంబరు పట్టుకోవాలి. నెలలో ఐదారు వస్తున్నాయి. వేలమన్నాక పాట పెరుగుతూ పోతుంది, చివరిదే ఖరారు. కాబట్టి ప్రతి నెలా ఆఖరి నంబరు ఉంచుకుని, మిగతావి వదిలేసి, ఉంచుకున్నవాటిని బట్టి రాబోయే పాట అంచనా కట్టమంది. కోడు చిన్నది, కుట్టు నున్నగా కుదిరింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

ఆమె అనుమానించాల్సింది సరిగ్గా అక్కడే. ఒక్క దారం తెగకుండా కుట్టు సాగిందంటే కింద దారం చుట్టిన బాబిన్ ఖాళీ అయి ఉండొచ్చని ఏ టైలరుకైనా తెలుసు.

గ్రాఫ్ చూసి మహేశ్వర్ సార్ కుర్చీలోంచి లేచాడు. నవంబర్‌లో గీత మూడు వందల ఎనభై దాకా ఎక్కింది. డిసెంబర్‌లో దబ్బున నలభై ఆరుకు పడింది. మరుసటి ఏడూ అంతే. నవంబర్‌లో కొండ, డిసెంబర్‌లో బావి.

"రెండేళ్లూ సరిగ్గా నలభై ఆరా?" అన్నాడు.

"అవును సార్. నాకు గూడ జర విచిత్రమనిపించింది."

"విచిత్రం కాదమ్మా, అదే కన్సిస్టెన్సీ! నవంబర్‌లో పంట కోతలు, కూలీల ఖర్చు, అందరికీ డబ్బు కావాలి, పాట పెరుగుతుంది. డిసెంబర్‌లో పంట అమ్ముడవుతుంది, అందరి చేతిలో డబ్బు, ఎవరికీ చిట్టి అక్కర్లేదు. రూరల్ లిక్విడిటీ సైకిల్! నేను పుస్తకాల్లో చదివాను, కళ్లతో చూడటం ఇదే మొదటిసారి."

ఆయన ఎంత చక్కగా చెప్పాడంటే ఎస్తేర్‌కు తన ఊరి గురించి మొదటిసారి తెలిసినట్టయింది. వారం తిరక్కుండా ఆ గ్రాఫ్ యూనివర్సిటీ గేటు దగ్గర ఫ్లెక్సీ ఎక్కింది. "గ్రామీణ ఆర్థిక వ్యవస్థపై మన విద్యార్థిని పరిశోధన" అని పైన రాశారు. ఫొటోలో ఎస్తేర్ మెడలో కొలతల టేపు అట్లాగే ఉండిపోయింది.

*

ఫ్లెక్సీ ఒక్క గేటు దగ్గరే ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ శాంసన్ రోజూ ఆ గేటులోంచి బస్సు తిప్పుతాడు. కండక్టరు లేని బస్సు, మాట్లాడటానికి దారి పొడుగునా తీరికే.

"మా ఆమె కంప్యూటర్ల వెట్టి చూసింది," అని ఎంకపల్లిలో ఎదురైన ప్రతి ఆడమనిషికీ చెప్పాడు. "డిసెంబర్ల చిట్టి ఎత్తుండ్రి. నలభై ఆరుకే పడ్తది. పైసల్ మిగుల్తయి."

నవంబర్ రెండో ఆదివారం చాపల మీద ఒక్కరూ నోరు విప్పలేదు. మేరీ మూడుసార్లు అడిగి, విసుగొచ్చి, చీటీలేసి తీసింది. గులాబీ తోటలో పనిచేసే నీలవేణి పేరు వచ్చింది. ఒక్క రూపాయి వదులుకోకుండా మొత్తం చేతికొచ్చేసరికి ఆమెకు నమ్మకం కుదరక రెండుసార్లు లెక్కపెట్టుకుంది. గ్రాఫ్ ప్రకారం నవంబర్‌లో పాట కొండెక్కాలి గదా అని ఒక్కరికీ తోచలేదు. ఎస్తేర్‌కూ తోచలేదు. అందరి కళ్లూ డిసెంబర్ మీదే.

డిసెంబర్‌లో షెడ్డు చాలలేదు. ఎప్పుడూ ఎవరి చేతనో డబ్బు పంపేవాళ్లు కూడా స్వయంగా వచ్చి కూర్చున్నారు.

"యాభై," అంది ఒకామె, నలభై ఆరు కన్నా కొంచెం ఎక్కువ చెప్తే తనకే వస్తుందని.

అందరి లెక్కా అదే. అరవై అన్నారు, ఎనభై అన్నారు, నూట ఇరవై దాటింది. టమాట తోట వేసే సాయమ్మకు డ్రిప్పు పైపులు కొనాలి. ఆమె నవంబర్‌లోనే ఎత్తేది, శాంసన్ మాట విని ఆగింది. ఇక ఆగే ఓపిక లేదు. ఎవరేమన్నా దానికి పది కలుపుతూ పోయింది. రెండు వందలు దాటాక కొందరు లేచి నిలబడ్డారు. చివరికి సాయమ్మ "మూడు వందల పది!" అని అరిచి, తానేమన్నదో తానే విని, కూలబడింది.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి," అంది మేరీ, కళ్లజోడు పైనుంచి చూస్తూ. "సాయమ్మా, నీకేమన్న సోయి ఉన్నదా? ముప్పై ఒక్క వెయ్యి ఇడిసిపెడ్తవా?"

"నేనేం జెయ్యాలె? నీ కోడలే జెప్పింది గదా! పోయిన డిసెంబర్ల నలభై ఆరుకు పోయిందంట. అంతకుముందు డిసెంబర్ల గూడ నలభై ఆరేనంట. ఫ్లెక్సీల గూడ ఏసిర్రు!"

"నలభై ఆరా?" మేరీ కళ్లజోడు తీసింది. "నలభై ఆరుకు చిట్టి ఎన్నడు వోయిందే? నలభై ఆరు మనం పాడింది గదా!"

"అదే గదా నేననేది, పాడిర్రని!"

"చిట్టి పాట గాదే, దేవుని పాట! పుస్తకంల నలభై ఆరు! ఏటేటా క్రిస్మస్ వారం పాడేది అదే గదా!"

 వెనుక వరసలో ఎవరో, ఆగలేక, నలభై ఆరో పాట రాగం ఎత్తుకున్నారు. పక్కామె అందుకుంది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. ఎస్తేర్ గోడకానుకుని నిలబడి, క్రిస్మస్ పాటలన్నీ పుస్తకం ముందు భాగంలో ఉంటాయనీ, కోత పండుగ పాటలు వెనుక మూడు వందల ఎనభై దగ్గర ఉంటాయనీ, మేరీ ప్రతి శనివారం సాయంత్రం "పాట" అని నంబరు పెట్టేది రేపటి ఆరాధన కోసమేననీ ఒక్కటొక్కటే గుర్తు చేసుకుంటున్నది. చిట్టి రెండో ఆదివారం. నెలలో ఆఖరి పాట ఎప్పుడూ దేవుడిదే. ఆమె ప్రోగ్రాం చిట్టి పాటల్ని ఏరి ఏరి పారేసి, కీర్తనల్ని మాత్రం భద్రంగా దాచింది. తను చిన్నప్పటి నుంచి ఆ పుస్తకం పట్టుకుని పాడిన మనిషి! రూరల్ లిక్విడిటీ సైకిల్ అంటే యేసుప్రభువు పుట్టినరోజు అన్నమాట.

మేరీ జన్మలో మొదటిసారి చిట్టి పాట రద్దు చేసి మళ్లీ పాడించింది. సాయమ్మకు నూట పదిహేనుకు వచ్చింది. అయినా ఆమె కోపం చల్లారలేదు.

"పాట దిగింది గని నా బీపీ దిగలే. దానికెవలు జవాబు?"

"నీకు ఆరు జాకెట్లు కుట్టిస్తా సాయమ్మక్కా, కూలి లేకుండ," అంది ఎస్తేర్, తల వంచుకుని.

"లైనింగు గూడ నీదే."

"నాదే."

*

మర్నాడు పొద్దున్నే భిక్షాన్ని పిలిపించింది. ఆ మూడక్షరాలూ తుడవడం కుదురుతుందా అని అడిగింది.

భిక్షం బోర్డును గోటితో గీకి చూశాడు. పనివాడి ముఖం పెట్టాడు. "మంచి రంగేసిన వదినె, ఊకె పోదు. థిన్నర్ వెట్టి తుడిస్తే తెల్ల మచ్చ మిగుల్తది. అచ్చరాలుంటే ఎవలు అడగరు. మచ్చుంటే దినాం అడుగుతరు, ఈడ ఏముండె అని."

ఎస్తేర్ సాయమ్మ మొదటి జాకెట్టు, ఆకుపచ్చది, కుట్టడం ముగించి హ్యాంగరుకు తగిలించి బోర్డు మీద సరిగ్గా ఎం.బి.ఏ. కనబడకుండా వేలాడదీసింది. షాపుల వాళ్లు శాంపిల్‌గా పెడతారు గదా, అట్లా.

తర్వాత మహేశ్వర్ సార్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. సార్ కుర్చీ వెనక్కి తిప్పాడు. కిటికీలోంచి గేటు దగ్గరి ఫ్లెక్సీ కనబడుతూనే ఉంది.

"అయితే పంట చేతికి రావడం, డబ్బు చలామణి, అదంతా..."

"మీరు చెప్పింది మంచిగనే ఉన్నది సార్. గని మా చిట్టి సంగతి గాదు అది."

"ఇప్పుడు మార్చితే వైవాలో చులకన అవుతావు. మార్చకపోతే ఎగ్జామినర్ కనిపెట్టకపోవచ్చు. నీ ఇష్టం అమ్మా. ఏం చేసినా తప్పు నీ ఒక్కదానిది కాదు, థియరీ నాది."

ఆమె ఇంటికొచ్చి ఆలోచించింది. కనిపించని చోట కుట్టు తప్పినా కస్టమరు గుర్తుపట్టరు. తొడుక్కున్న రోజు గుర్తుపడతారు. పైగా ఆ మూడక్షరాలు ఇక ఎప్పటికీ బోర్డు మీద ఉండాలంటే వాటి కింద కూర్చుని మిషను తొక్కాల్సింది తనే. విప్పాల్సిందే.

చిట్టి మెసేజ్‌లు ఆదివారం మధ్యాహ్నం, కీర్తనలవి శనివారం సాయంత్రం. వారం చూసి వేరుచేయమని ప్రోగ్రాం మార్చింది. చాలావరకు వేరుపడ్డాయి. కానీ మేరీకి ఒక్కోసారి శనివారం ఫోన్లో చార్జింగ్ ఉండదు, ఆదివారం పెడుతుంది. అట్లాంటివి ఇరవై దాకా ఎటూ తేలకుండా మిగిలాయి. క్రిస్మస్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం అత్తను ఎదుట కూర్చోబెట్టుకుంది.

"నూట ఎనభై. ఇది చిట్టా, దేవుడా?"

మేరీ కళ్లు మూసుకుని నూట ఎనభయ్యో పాట పల్లవి సన్నగా తీసింది. "మేం పాడినం. సత్తయ్య భార్య పోయినప్పుడు. రాసుకో, దేవుడు."

"నూట ముప్పై?"

మళ్లీ రాగం. సగంలో ఆగింది. "ఇది పెండ్లి పాట. ఆ నెలల పెండ్లి యాడిది? చిట్టే."

"రెండు వందల పది?"

మేరీ పాడింది. మళ్లీ పాడింది. "ఏమో బిడ్డా. రెండూ అయినట్టే ఉన్నది."

గుమ్మంలో బూట్లు విప్పుతున్న శాంసన్ అందుకున్నాడు. "అది చిట్టే అమ్మా. నువ్వే ఎత్తినవ్, నా బండి కోసం. ఇంటికొచ్చి ఏడ్చినవ్ గూడ."

"దానికెందుకు ఏడుస్త? నీ బండి జూసి ఏడ్సిన," అంది మేరీ.

ఎటూ తేలనివి ఇంకో నాలుగు మిగిలితే ఎస్తేర్ వాటిని తీసి పక్కన పెట్టింది. ప్రాజెక్టులో "ఇవి తెలియలేదు" అని రాసింది.

*

జనవరిలో వైవా. బయటి ఎగ్జామినర్ శంకరయ్య గారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. గేటు దగ్గర ఫ్లెక్సీ చూసే లోపలికి వచ్చాడు.

"డిసెంబర్ బావి మీరేనా?" అన్నాడు.

"నేనే సార్. అది తప్పు సార్," అని మొదలుపెట్టింది ఎస్తేర్. కోడు చూపించింది. పాత గ్రాఫ్, కొత్త గ్రాఫ్ పక్కపక్కన పెట్టింది. పక్కన మహేశ్వర్ సార్ తన వేలి ఉంగరాన్ని తిప్పుకుంటున్నాడు.

"ప్రోగ్రాంకు పాట అంటే ఏమని చెప్పారు?"

"అదే సార్, చెప్పలే. మాకు రెండు పాటలున్నయి. ఇంట్ల మనుషులకు తెలుసు గదా అని మిషినుకు గూడ తెలుసనుకున్న."

"మరి అసలు చిట్టిలో ఏం తేలింది?"

కొత్త గీతకు కొండా లేదు, బావీ లేదు. మొదటి నెలల్లో ఎక్కువ, పోనుపోను తక్కువ, మెల్లగా దిగే మెట్ల లాగా ఉంది. "ఏ నెల అన్న దాంతో సంబంధం లేదు సార్. ముందుగాల ఎత్తితే ఎక్కువ పోతది, ఎనక ఎత్తితే తక్కువ పోతది. చిట్టి ఏసేటోళ్లందరికీ ఎరుకున్నదే."

"అంటే మీరు కొత్తగా ఏమీ కనుక్కోలేదు."

"లేదు సార్."

శంకరయ్య గారు పాత గ్రాఫ్ మీద వేలు పెట్టాడు. "కానీ ఇది మాత్రం నిజమైన సీజనే గదా? మీ మోడల్ పాటల విషయంలో బాగా పనిచేస్తోంది. నడపండి చూద్దాం. వచ్చే ఆదివారం మీ చర్చిలో ఏ పాట?"

ఎస్తేర్ నడిపింది. తెర మీద నంబరు పడింది. 212.5.

"రెండు వందల పన్నెండున్నర," అని చదివాడు ఆయన. "సగం పాట ఎట్లా పాడతారమ్మా?"

ఎస్తేర్ నోటికొచ్చింది చెప్పింది. "పల్లవి పాడి కూసుంటరేమో సార్."

ముందు నవ్వింది మహేశ్వర్ సార్. ఆ తర్వాత శంకరయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. మార్కుల కాగితం మీద ఏదో రాసి, "ఆ ఫ్లెక్సీ తీయించండి," అని సార్‌తో అన్నాడు. ఎన్ని మార్కులు వేశాడో ఎస్తేర్‌కు చెప్పలేదు. ఆమె ఆ అనుమానాన్ని ఎండాకాలం దాకా మోసుకు తిరిగింది.

ఆఖరి సెమిస్టర్ కూడా ముగిసి ఫలితాలు వచ్చిన రోజు శాంసన్ బస్సును నేరుగా మడిగె ముందు ఆపి హారన్ కొట్టాడు. లోపల ముప్పై మంది పిల్లలున్నారు. "పాస్!" అని కిటికీలోంచి అరిచాడు. "ప్రాజెక్టుల ఎనభై నాలుగు!" వెనుక ఆగిన లారీవాడు అతనికి ఇంకేదో చెప్పాడు.

ఎస్తేర్ మిషను మీద నుంచి లేవలేదు. పాదం ఆగింది, చేతి కింద గుడ్డ ఆగింది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు వంకరపోయింది. విప్పింది.

అప్పుడే సాయమ్మ వచ్చింది, చంకన టమాటల సంచితో. మిగతా ఐదు జాకెట్లూ ఎప్పుడో తీసుకుపోయింది. గడపలోనే ఆగి తలెత్తి చూసింది.

"అయ్యో, నా ఆకుపచ్చ జాకెట్టు! ఎన్ని దినాల సంది అడుగుతున్న, దొరుకుతలేదు అంటివి. ఎన్నాళ్లు ఆరేస్తవే దాన్ని?"

"సాయమ్మక్కా, ఆగు, నేను తీసిస్త..."

సాయమ్మ ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు. సంచి దించి, స్టూలు లాక్కుని, ఎక్కి, హ్యాంగరు తీసేసింది. జాకెట్టు దులిపితే మూరెడు దుమ్ము లేచింది. లారీలు తిరిగే రోడ్డు కదా, బోర్డంతా బూడిద రంగుకు తిరిగి ఉంది. ఎస్తేర్ పేరు కూడా సరిగ్గా కనబడటం లేదు. జాకెట్టు కప్పి ఉంచినంత మేర మాత్రం, నిన్న రాసినట్టు, ఎర్రగా మెరుస్తున్నాయి మూడక్షరాలు.

సాయమ్మ స్టూలు మీదే నిలబడి వాటి వంక చూసింది.

"గిదొక్కటే కొత్తగున్నదేందే? ఇప్పుడు రాయించినవా?"

"అవునక్కా," అంది ఎస్తేర్. "ఇయ్యాల్నే."